‘సిక్’ అంటే జబ్బా, శభాషా?

మన బుగ్గారం, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ ముచ్చట లేని వాడ అరుదు. ఇప్పుడు పై చదువులకు బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లే పిల్లలూ ఉన్నారు. వీరందరికీ బడిలో నేర్చిన ఇంగ్లిషే పునాది. అయితే అక్కడి కుర్రకారు నోట కొన్ని మాటలు మన పుస్తకంలోని అర్థానికి తలకిందులుగా వినిపిస్తాయి. అలాంటి విశేషణం ఒకటి ఈ పాఠంలో నేర్చుకుందాం. ఆ మాట ‘సిక్’.

1. పుస్తకంలోని అర్థం

‘హి ఈజ్ సిక్’ అంటే అతనికి ఒంట్లో బాగాలేదు. జబ్బు చేసినప్పుడు తీసుకునే సెలవు ‘సిక్ లీవ్’. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అమెరికాలో ‘సిక్’ అంటే ఏ అనారోగ్యమైనా కావచ్చు. బ్రిటన్‌లో ‘ఐ వాజ్ సిక్’ అంటే చాలాసార్లు ‘వాంతి చేసుకున్నాను’ అని అర్థం. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి అక్కడ ‘ఇల్’ అనే మాట ఎక్కువగా వాడతారు.

‘ఐ యామ్ సిక్ ఆఫ్ దిస్ నాయిస్’ అంటే ఈ గోలతో విసిగిపోయాను అని. ‘సిక్ జోక్’ అంటే ఎదుటివారి బాధను ఎగతాళి చేసే రోత హాస్యం. ఇవన్నీ చెడ్డ అర్థాలే.

2. తలకిందులైన అర్థం

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘దట్ క్యాచ్ వాజ్ సిక్!’ క్యాచ్‌కు జ్వరం రాదు కదా! ‘ఆ క్యాచ్ అదిరింది’ అని దీని భావం. ఇది స్లాంగ్, అంటే స్నేహితుల మధ్య నడిచే మాట. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థుల స్లాంగ్ జాబితాలో 1983 నాటికే ఈ వాడుక కనిపిస్తుంది.

ఇలా తిరగబడిన మాట ఇదొక్కటే కాదు. ‘టెరిఫిక్’ అంటే మొదట భయం పుట్టించేది. ఇప్పుడు ‘చాలా బాగుంది’ అని. ‘వికెడ్’ అంటే దుర్మార్గమైన, స్లాంగ్‌లో ‘భలే’. అమెరికాలోని నల్లజాతివారి ఇంగ్లిష్‌లో ‘బ్యాడ్’ అనే మాటను మెచ్చుకోలుగా వాడటం చాలా పాత అలవాటు. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించిన 22 ఏళ్ల యువకుడు తనను తాను ‘బ్యాడ్ మ్యాన్’ అని అరిచి చెప్పుకున్నాడు. ‘నేను చెడ్డవాణ్ని’ అని ఒప్పుకోవడం కాదది, ‘నాకు ఎదురు లేదు’ అని చాటడం. కొద్ది రోజులకే ఆయన పేరు ముహమ్మద్ అలీ అయింది.

3. మనకు కొత్తేమీ కాదు

అరబీలో ‘గజబ్’ అంటే ఆగ్రహం. ఉర్దూలో అదే మాట కోపానికీ, విపత్తుకూ, అద్భుతానికీ కూడా నడుస్తుంది. ‘ఖతర్నాక్’ అంటే ప్రమాదకరమైనది. కానీ మన పిల్లలు ‘బిర్యానీ ఖతర్నాక్ ఉంది’ అంటే ఎవరూ పళ్లెం పక్కకు నెట్టరు, ఇంకో ముద్ద ఎక్కువే తింటారు. బ్యాట్స్‌మన్ ‘చంపేశాడు’ అంటే పోలీసులను పిలవం. మాట ఎవరు, ఎవరితో, దేని గురించి అన్నారో చూసి అర్థం పట్టుకోవడం మనకు చిన్ననాటి నుంచే వచ్చు. ఇంగ్లిష్‌లోనూ అదే తెలివి వాడాలి.

4. గుర్తుపట్టే పద్ధతి

అ) దేని గురించి? పాట, ఆట, బండి, బూట్లు వంటి వాటి గురించైతే మెచ్చుకోలు కావచ్చు. మనిషి గురించైతే ముందు జబ్బు అనే అనుకోండి.
ఆ) ఎవరు? ఈడు కుర్రవాళ్ల మధ్యనైతే స్లాంగ్ కావచ్చు. డాక్టర్, అధికారి, ఉపాధ్యాయుడు అయితే దాదాపుగా పుస్తకంలోని అర్థమే.
ఇ) పక్కన ఏముంది? ‘ఆఫ్’ ఉంటే విసుగు. ‘లీవ్’ ఉంటే జబ్బు.
ఈ) గొంతు, ముఖం ఎలా ఉన్నాయి? రాతలో ఇవి కనిపించవు కనుక, అనుమానం వస్తే ‘వాట్ డు యు మీన్?’ అని అడగండి. అడగడం చిన్నతనం కాదు.

5. ఎక్కడ అనాలి, ఎక్కడ అనకూడదు

స్లాంగ్ విని అర్థం చేసుకోవడం అందరికీ అవసరం. మన నోట పలకడం మాత్రం చోటు చూసి చేయాలి. దరఖాస్తులో, పరీక్ష వ్యాసంలో, ఇంటర్వ్యూలో ‘యువర్ కంపెనీ ఈజ్ సిక్’ అంటే మెచ్చుకోలు కాస్తా నిందగా వినిపిస్తుంది. గల్ఫ్‌లో మన ఫోర్‌మన్ ఏ దేశం వాడైనా కావచ్చు. అతనికీ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే కావచ్చు. అలాంటి చోట తేట మాటే క్షేమం.

ఆరోగ్యం విషయంలో మరీ జాగ్రత్త. ఎండలో పని చేస్తూ కళ్లు తిరిగితే ‘ఐ యామ్ సిక్’ దగ్గర ఆగకండి. ఏమైందో చెప్పండి: ‘ఐ హ్యావ్ ఫీవర్’, ‘ఐ ఫీల్ డిజీ’, ‘ఐ హ్యావ్ చెస్ట్ పెయిన్’. ఛాతీలో నొప్పి అని స్పష్టంగా చెబితే వినేవాడు వెంటనే కదులుతాడు. ఈ మూడు వాక్యాలు ప్రయాణానికి ముందే నోటికి రావాలి.

6. అభ్యాసం

కింది వాక్యాల్లో ‘సిక్’ అర్థం చెప్పండి.
1. మై మదర్ ఈజ్ సిక్.
2. యువర్ న్యూ బైక్ ఈజ్ సిక్, బ్రో!
3. వి ఆర్ సిక్ ఆఫ్ వెయిటింగ్.
4. అవర్ న్యూ వార్డెన్ ఈజ్ సిక్.

జవాబులు: 1. జబ్బు. 2. మెచ్చుకోలు. 3. విసుగు. 4. ఈ ఒక్క వాక్యంతో తేలదు. వార్డెన్‌కు ఒంట్లో బాగాలేకపోవచ్చు, ఆయన భలే మనిషి కావచ్చు, బుద్ధి మంచిది కాకపోవచ్చు. ఇంటి నుంచి దూరంగా ఉన్న బిడ్డ ఇలా రాస్తే ఊహించుకుని ఊరుకోకండి, ఫోన్ చేసి కనుక్కోండి.