హోటల్ ఉద్యోగానికి ఎంత ఇంగ్లిష్ కావాలి?

హైదరాబాద్ ఉత్తర శివార్లు చూడండి: తూంకుంటలో అలంకృత, బొమ్మరాసిపేటలో లియోనియా, శామీర్‌పేటలో సెలబ్రిటీ రిసార్ట్. వీటి చుట్టూ చిన్నాపెద్దా రిసార్టులు, కన్వెన్షన్ హాళ్లు. అటు మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా హోటళ్లు, దాబాలు. వీటిలో స్టివార్డ్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, బాంకెట్ పనులకు మనుషులు కావాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్, డిగ్రీ చదివినవాళ్లూ ఉన్నారు. అయినా చాలామంది ‘నాకు ఇంగ్లిష్ రాదు’ అని దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఈ రంగంలో చేరడానికి అనర్గళమైన ఇంగ్లిష్ అక్కర్లేదు. అతిథి అడిగింది సరిగ్గా విని, తిరిగి చెప్పి నిర్ధారించుకుని, చేసి, చేశామని చెప్పగలగాలి. ఇది ఎవరైనా నేర్చుకోగల పని.

వచ్చేది ఎవరు?

శని, ఆదివారాల్లో నగరం నుంచి కుటుంబాలు వస్తాయి. మామూలు రోజుల్లో కంపెనీల సమావేశాలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు. జినోమ్ వ్యాలీలోని ఫార్మా, బయోటెక్ సంస్థల పని మీద ఇతర రాష్ట్రాల వాళ్లు, విదేశీయులు వస్తారు. నల్సార్, బిట్స్ క్యాంపస్‌లలో పిల్లల్ని చేర్చడానికి దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు వస్తారు. అంటే ఒకే షిఫ్టులో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ అవసరపడతాయి.

ఇక్కడి యువతకు హైదరాబాదీ హిందీ ఎలాగూ వచ్చు. దాన్ని కాస్త చక్కదిద్దుకుంటే చాలు. అతిథితో ‘తుమ్’ వద్దు, ‘ఆప్’ అనాలి. ‘హౌ’, ‘నక్కో’ స్నేహితుల మధ్య బాగుంటాయి. కౌంటర్ దగ్గర ‘జీ’, ‘జీ నహీ’ అనడం మేలు. తెలుగు అతిథుల్ని ‘అంకుల్’, ‘ఆంటీ’ అని పిలవకండి. ‘సార్’, ‘మేడమ్’ చాలు.

నాలుగు చోట్ల సాధన

ఆర్డర్ తీసుకునేటప్పుడు: రాసుకున్నాక తప్పకుండా తిరిగి చదవాలి. “రెండు వెజ్ బిర్యానీ, ఒకటి కారం తక్కువ. బాబుకు వేరుశెనగ పడదన్నారు, కిచెన్‌లో చెబుతాను మేడమ్.” అలర్జీ మాట కేఓటీలో (కిచెన్‌కు పంపే ఆర్డర్ చీటీలో) రాయకపోతే అది మర్యాదకు సంబంధించిన లోపంగా మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది.

తెలియనిది అడిగినప్పుడు: ‘తెలీదు సార్’ అని ఊరుకోవద్దు, ఊహించీ చెప్పొద్దు. “కనుక్కుని ఐదు నిమిషాల్లో చెబుతాను సార్” అనండి. జవాబు దొరకకపోయినా ఐదో నిమిషానికి వెళ్లి ఆ సంగతే చెప్పండి.

కుదరదని చెప్పాల్సినప్పుడు: అతిథి ముందే వచ్చారు, గది ఇంకా సిద్ధం కాలేదు. “చెక్ఇన్ రెండింటికే” అని నిబంధన వల్లిస్తే గొడవ మొదలవుతుంది. “గది శుభ్రం చేస్తున్నారు సార్. సామాను ఇక్కడ పెట్టేస్తాను, ఈలోపు టీ తాగుతారా?” అంటే అదే విషయం సాఫీగా చేరుతుంది. జరగని పనికి మాత్రం మాట ఇవ్వొద్దు.

ఫిర్యాదు వచ్చినప్పుడు: ఏసీ పనిచేయట్లేదని అతిథి కోపంగా ఉన్నారు. మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. క్షమాపణ చెప్పండి, తప్పు ఇంజినీరింగ్ వాళ్ల మీదికి నెట్టకండి. ఎవరు వస్తారో, ఎప్పటికి వస్తారో చెప్పండి. బాగయ్యాక మళ్లీ ఫోన్ చేసి అడగండి. చాలామంది మరిచిపోయే మెట్టు ఈ చివరిదే.

తోటి సిబ్బందితో మాట కూడా ఇందులో భాగమే. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్‌లో రాసే రెండు వరుసలు, బ్రీఫింగ్‌లో అడిగే ఒక ప్రశ్న, వాకీటాకీలో గది నంబరును ఒక్కో అంకెగా పలకడం: సూపర్‌వైజర్లు వీటిని గమనిస్తారు.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

డిగ్రీ చేయాలనుకుంటే విద్యానగర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది. ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ ద్వారా ప్రవేశం. గచ్చిబౌలిలోని నిథమ్‌లోనూ టూరిజం, హాస్పిటాలిటీ కోర్సులున్నాయి. తక్కువ చదువుతో త్వరగా పనిలో చేరాలనుకునేవాళ్ల కోసం కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ ప్రారంభించింది. ఎనిమిదో తరగతి చదివినవాళ్లకూ అందులో అవకాశం ఇచ్చారు. 2014లో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గ్రామీణ పేద కుటుంబాల యువత కోసం. వృత్తి శిక్షణతో పాటు సాఫ్ట్ స్కిల్స్, ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. మేడ్చల్, తూంకుంట లాంటివి పట్టణ పరిధిలోకి వచ్చేశాయి కాబట్టి, గ్రామీణ పథకానికి మీ ఊరు అర్హమో కాదో ముందే కనుక్కోండి. బ్యాచ్‌లు, నిబంధనలు మారుతుంటాయి, తాజా ప్రకటన చూశాకే బయల్దేరండి.

ప్రైవేటు సంస్థలో ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: రోజూ విద్యార్థి చేత ఎంతసేపు మాట్లాడిస్తారు? నమూనా కౌంటర్, రెస్టారెంట్ ఉన్నాయా? ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఏ హోటల్లో, ఎన్ని వారాలు? సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టొద్దు.

ఇంటర్వ్యూలో

బట్టీపట్టిన స్వపరిచయం రెండో ప్రశ్నకే తేలిపోతుంది. చాలా హోటళ్లలో ఒక సందర్భం ఇచ్చి నటించి చూపమంటారు. అందుకే పై నాలుగింటినీ తెలుగులో, హిందీలో, చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో సాధన చేయండి. ఒకరు అతిథి, ఒకరు సిబ్బంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వేగం ఎక్కువైందా, వాక్యం చివర మింగేస్తున్నారా, తెలిసిపోతుంది. అంకెలు, సమయాలు, పేర్ల స్పెల్లింగ్, మెనూలోని వంటకాల పేర్లు ఇంగ్లిష్‌లో తడబడకుండా చెప్పగలిగితే తొలి ఉద్యోగానికి కావాల్సిన భాష చాలావరకు చేతిలో ఉన్నట్టే. ప్రశ్న అర్థం కాకపోతే “ఇంకోసారి చెబుతారా సార్?” అని అడగండి. రేపు అతిథి ముందు మీరు చేయాల్సింది కూడా అదే కాబట్టి, అలా అడిగినందుకు మార్కులేమీ తగ్గవు.