చింతపండుకు అందని చిలుము

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చరిత్ర మీద మనసున్న పిల్లల చదువు గురించి రెండు అపోహలు తరచూ కనిపిస్తాయి. కంప్యూటర్ కోర్సు తప్ప మరేదీ అన్నం పెట్టదన్నది మొదటిది కాగా, పాత నాణేలకు పట్టిన చిలుమును వదలగొట్టి మెరిపించడం వీడియోలు చూసి నేర్చుకోదగిన సులువైన పని అన్నది రెండోది. మొదటిదాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. రెండోదాని వల్ల నాణెమూ పాడవుతుంది, విద్యార్థి పెట్టుకున్న ఆశా పాడవుతుంది.

శతాబ్దాలు మట్టిలో ఉన్న రాగి లేదా కంచు నాణెం మీద ముందుగా క్యూప్రైట్ అనే ఎర్రని ఆక్సైడ్ పొర, దాని పైన మాలకైట్ అనే పచ్చని కార్బొనేట్ పొర ఏర్పడతాయి. రాజు ముఖమూ అక్షరాల అంచులూ చాలాసార్లు లోహంలో కాక ఈ పొరల్లోనే మిగిలి ఉంటాయి కాబట్టి, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పొరను కరిగించినప్పుడు దానితోపాటు శాసనమూ కరిగిపోతుంది. దేవుడి గదిలోని రాగి చెంబుకు ఏ హానీ చేయని చింతపండు శాతవాహనుల నాణేన్ని నున్నటి రాగి బిళ్లగా మార్చేయడానికి కారణం ఇదే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘కంచు రోగం’. నాణెం లోపల దాగిన క్యూప్రస్ క్లోరైడ్‌కు గాలిలోని తేమ తగిలినప్పుడు లేత పచ్చని పొడి పైకి ఉబుకుతుంది, దానితో పాటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి మిగిలిన లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. అందువల్ల కన్జర్వేటర్, అంటే పురావస్తువులను శాస్త్రీయంగా సంరక్షించే నిపుణుడు, ముందుగా చేసే పని తోమడం కాదు. సిలికా జెల్ పెట్టిన పెట్టెలో గాలిని పొడిగా ఉంచడం. సూక్ష్మదర్శిని కింద సన్నని కత్తి మొనతో రేణువు రేణువుగా తీసే పని ఆ తరువాతి మాట. రాగిని నిలకడగా ఉంచడానికి 1960ల నుంచి వాడుతున్న బెంజోట్రయాజోల్ ఆరోగ్యానికి హానికరం కాబట్టి దానిని వంటింట్లోకి తేకూడదు. పై పూతగా వేసే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి, అవసరమైతే మళ్లీ తీసేయవచ్చు. చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలుండాలన్న ఈ నియమం తెలియనివాడు ఎంత నేర్పుగా తోమినా కన్జర్వేటర్ కాడు.

న్యూజిలాండ్‌లో మనుషుల స్థిరనివాసమే సుమారు 13వ శతాబ్దంలో మొదలైంది కాబట్టి, ప్రాచీన నాణేలు ఆ నేలలో దొరకవు, సేకరణల్లోనే ఉంటాయి. దాత విల్లీ ఫెల్స్ అండతో పెరిగిన డునెడిన్‌లోని ఒటాగో మ్యూజియం నాణేల సేకరణ అలాంటిది. అదే కోవలో, 1957లో మొదలైన కాంటర్‌బరీ విశ్వవిద్యాలయపు జేమ్స్ లోగీ స్మారక సేకరణలో గ్రీకు, రోమన్ పురావస్తువులు ఉన్నాయి. క్రైస్ట్‌చర్చ్ భూకంపాల్లో ఆ సేకరణలోని వస్తువులు పగిలినప్పుడు వాటిని అతికించింది కన్జర్వేటర్లే. దేశపు సొంత ‘తుప్పు నాణేలు’ కావాలంటే సముద్రంలోకి దిగాలి: 1902 నవంబర్ 9న త్రీ కింగ్స్ దీవుల దగ్గర 45 మందిని బలిగొని మునిగిన ఎలింగమైట్ ఓడలో 17,000 పౌండ్లకు పైగా విలువైన నాణేలు ఉండగా, వాటిలో కొన్నిటిని 1960ల చివర డైవర్లు కెల్లీ టార్ల్టన్, వేడ్ డోక్‌ల బృందం పైకి తెచ్చింది. ఉప్పునీటిలో అంతకాలం నానిన వెండి నాణేలు ఒకదానికొకటి కరుచుకుని గడ్డ కడతాయి కాబట్టి, వాటిని విడదీయడమే ఒక విద్య.

ఇంత తక్కువ సరుకున్న చోట నాణేలకే ప్రత్యేకమైన ఉద్యోగం ఉండదు. ఒకే కన్జర్వేటర్ ఈరోజు కంచు, రేపు హరకెకె నారతో నేసిన మావోరి దుప్పటి, ఎల్లుండి చిత్తడి నేలలో నానిన కొయ్య పట్టుకోవలసి ఉంటుంది, తావోంగా అని పిలిచే మావోరి వారసత్వ వస్తువుల విషయంలో ఆ తెగల మాట వినడమూ నేర్చుకోవలసి ఉంటుంది. మెటల్ డిటెక్టర్ కొనిచ్చి పిల్లలను తీరాల మీదికి పంపే తల్లిదండ్రులు, దొరికిన తావోంగాను 28 రోజుల్లోగా అధికారులకు తెలియజేయాలని 1975 నాటి రక్షిత వస్తువుల చట్టం చెబుతున్నదని గుర్తుంచుకోవాలి.

ఇక ఖర్చు. మ్యూజియం ఉద్యోగాలు కొద్ది, వాటిలో ఒప్పంద ఉద్యోగాలు ఎక్కువ. ఈ సంగతి దాచి, కొన్ని వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ‘హెరిటేజ్ కెరీర్’ చేతికొస్తుందని చెప్పే కన్సల్టెన్సీకి కట్టే ప్రతి డాలరూ వృథా. అసలైన మాస్టర్స్ కోసం చాలామంది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వైపు చూస్తారు. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు న్యూజిలాండ్ పౌరులను స్వదేశీ విద్యార్థులుగా లెక్కిస్తాయి కానీ, న్యూజిలాండ్ రెసిడెన్సీ మాత్రమే ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. ఈ తేడా చూసుకోకుండా ఇల్లు తాకట్టు పెట్టడం అవివేకం. అంతకంటే పెద్ద అవివేకం ఆంధ్ర, తెలంగాణల నుంచి ఇందుకోసమే అప్పు చేసి న్యూజిలాండ్ బయలుదేరడం. కోటిలింగాల, పెద్దబంకూరు తవ్వకాల్లో బయటపడిన శాతవాహన నాణేల రాశి స్వస్థలంలోనే ఉన్నది. వాటిలోని సీసపు నాణేలు కొయ్య బీరువా వదిలే ఆమ్లపు ఆవిరికే తెల్లని పొడిగా రాలిపోగలవు కాబట్టి, తెలిసిన చేతుల అవసరం అక్కడే ఎక్కువ. 1976లో ఏర్పడిన లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనాలయం ఉన్నదీ స్వదేశంలోనే.

న్యూజిలాండ్‌లో చదివే పిల్లలకు పాఠశాల స్థాయిలో, అక్కడి పాఠశాల అర్హత అయిన ఎన్‌సీఈఏలో లెవెల్ 3 రసాయనశాస్త్రం, యూనివర్సిటీ ఎంట్రెన్స్ అర్హత చాలు. ఆ తరువాత డిగ్రీలో రసాయనశాస్త్రం ప్రధానంగా, చరిత్ర తోడుగా తీసుకోవడం మేలైన దారి, ఎందుకంటే మ్యూజియం తలుపు తెరుచుకోకపోయినా పాల పరిశ్రమ, నీటి పరీక్షల ప్రయోగశాలలు ఆ పట్టాను కాదనవు. కేవలం పురాతత్త్వపు డిగ్రీతో వచ్చే విద్యార్థి మళ్లీ మొదటి నుంచి రసాయనశాస్త్రం చదువుకోవలసి వస్తుంది.

కొలువుల లెక్కలు వేసే ముందు ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. పాత సామాన్ల దుకాణంలో, 1940 నుంచి 1965 వరకు ముద్రించిన, టూయీ పిట్ట బొమ్మ ఉన్న కంచు పెన్నీని ఒకదాన్ని చవకగా కొని, భూతద్దం, పదునుగా చెక్కిన వెదురు పుల్ల, డిస్టిల్డ్ వాటర్ పిల్లల ముందు పెట్టాలి. మొదట ఫోటో తీసి, ప్రతి పది నిమిషాలకూ ఏం మారిందో నోటు పుస్తకంలో రాయమనాలి. మొదటి గంటలోనే లోహాన్ని మెరిపించే బ్రాసో పాలిష్ కావాలని అడిగేవారూ ఉంటారు, రెండో శనివారం పిట్ట రెక్క అంచు దగ్గర పుల్లను ఆపి, ఇక్కడ తీయాలా వద్దా అని అడిగేవారూ ఉంటారు. పరీక్ష జరుగుతున్నంతసేపు తల్లిదండ్రులు పక్క గదిలో ఉండాలి.