ధమ్మ పాఠం: మనసును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఆత్మ ఉన్నట్టేనా?





పోయిన ఆదివారం బత్తలపల్లెలో త్రిసరణ, పంచశీల చెప్పుకున్నాక ఒక డిగ్రీ పిల్లోడు అడిగినాడు. "అన్నా, రేపు మనిషి మనసును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారంట. ఒంటిలోంచి తీసి వేరేచోట పెట్టొచ్చంటే ఆత్మ ఉన్నట్టే కదా? మరి బాబాసాహెబ్ లేదన్నాడే?"

మంచి ప్రశ్న. దాన్ని మెల్లగా విప్పి చూద్దాం.

1. ఆ కథలు ఏం చెప్తాయి?

2019లో వచ్చిన 'ఇస్మార్ట్ శంకర్' సినిమా మీలో చానామంది చూసే ఉంటారు. చనిపోయిన పోలీసు ఆఫీసరు జ్ఞాపకాలను ఇంకొకడి తలలోకి ఎక్కిస్తారు. ఇంగ్లీషు నవలల్లో ఈ ఊహ ఎప్పటినుంచో ఉంది. గ్రెగ్ ఈగన్ 1994లో రాసిన 'పర్మ్యుటేషన్ సిటీ'లో మనుషుల మెదడును స్కాన్ చేసి కంప్యూటర్‌లో నకళ్ళు నడుపుతారు. రిచర్డ్ మోర్గాన్ 2002 నాటి నవల 'ఆల్టర్డ్ కార్బన్'లో మెడ వెనక చిన్న పరికరంలో మనసు దాస్తారు. ఒళ్ళు పోతే ఇంకో ఒళ్ళు తొడుక్కుంటారు.

2. ఇందులో ఆత్మ ఉందా?

ఆత్మవాదులు ఏమంటారు? ఆత్మ ఒక్కటే, మారదు, ముక్కలు కాదు, ఒక ఒంటినుంచి ఇంకో ఒంటికి పోతుంది అంటారు. సరే. కంప్యూటర్‌లో దేన్నైనా రెండు నకళ్ళు తీయొచ్చు. ఒకే మనిషికి రెండు నకళ్ళు తీస్తే ఆత్మ ఎందులో ఉన్నట్టు? రెండింట్లోనూ అంటే ముక్కలైంది. ఒకదాంట్లోనే అంటే రెండోది ఆత్మ లేకుండానే ఆలోచిస్తా ఉంది, ఏడుస్తా ఉంది. ఎట్ల చూసినా ఆత్మవాదమే ఇరుక్కుంటుంది. కాబట్టి ఈ కథలు నిజమైనా దెబ్బ తగిలేది ఆత్మవాదానికే.

3. బుద్ధుడు ఏమన్నాడు?

మజ్ఝిమ నికాయం 38వ సుత్తంలో సాతి అనే భిక్షువు ఉన్నాడు. జాలరి కొడుకు. ఒకే విఞ్ఞాణం జన్మ నుంచి జన్మకు పోతుందని ఆయన అనుకున్నాడు. బుద్ధుడు పిలిపించి తప్పు దిద్దినాడు. ఆధారం లేకుండా విఞ్ఞాణం పుట్టదు, దేన్ని పట్టుకుని మండితే మంటకు ఆ పేరే వస్తుంది అన్నాడు. మన పొయ్యి చూడండి. కంప వేస్తే కంప మంట, పిడక వేస్తే పిడక మంట. రెండూ అయిపోతే మంట యాడికి పోయింది అని ఎవరూ అడగరు. కన్ను, రూపం కలిస్తే చూపు. చెవి, శబ్దం కలిస్తే వినికిడి. లోపల కూర్చున్న యజమాని ఎవరూ లేరు.

4. సైన్సు యాడిదాకా వచ్చింది?

302 నాడీకణాలున్న ఒక చిన్న పురుగు నాడుల పటాన్ని 1986లో ప్రచురించినారు. పండ్ల ఈగ మెదడు పటం 2024లో వచ్చింది, అందులో దాదాపు 1,40,000 కణాలు. మన మెదడులో సుమారు 8,600 కోట్లు. పటం చేతికొచ్చినంత మాత్రాన మనసు నడవదు. కాబట్టి ఎవరైనా దీన్ని చూపించి "మా శాస్త్రం ముందే చెప్పింది" అంటే నమ్మొద్దు.

5. ఇది మనకెందుకు?

"పోయిన జన్మలో పాపం చేసినావు, అందుకే ఈ కులంలో పుట్టినావు" అనే మాటకు ఒక ప్రయాణికుడు కావాల. పాపం మూట మోసుకుని జన్మ దాటేవాడు. ఆత్మే ఆ ప్రయాణికుడు. ఆత్మ లేదంటే కులానికి ఆ సాకు పోతుంది. 1957లో అచ్చైన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' ముందుమాటలోనే, ఆత్మ లేనప్పుడు కర్మ, పునర్జన్మ ఎట్లా అన్న ప్రశ్నను బాబాసాహెబ్ లేవనెత్తినాడు.

ఇంకోటి గమనించండి. ఆ నవలల్లో కూడా చావును దాటేది డబ్బున్నోళ్ళే. 'పర్మ్యుటేషన్ సిటీ'లో డబ్బు లేనోళ్ళ నకళ్ళు నెమ్మదిగా నడుస్తాయి. 'ఆల్టర్డ్ కార్బన్'లో జైలుకు పోయినోళ్ళ ఒళ్ళను ఇంకొకరికి అమ్ముతారు. బీదోని ఒళ్ళు ఇంకొకరి సొత్తు కావడం మన తాతలకు కొత్త సంగతా? వెట్టి అంటే అదే కదా.

6. ఆ పిల్లోని అసలు ప్రశ్న

అందరూ పోయినాక ఆ పిల్లోడు ఇంకో మాట చెప్పినాడు. వాళ్ళమ్మ పోయి ఏడాది కాలేదు. ఫోన్‌లో అమ్మ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. "తిన్నావా నాయనా" అని. చుట్టాలేమో పిండం పెట్టమంటున్నారు. పెట్టకుంటే అమ్మ ఆత్మ తిరుగుతా ఉంటుందంట.

నేను చెప్పింది ఇదే: నాయనా, ఆ గొంతు దాచుకో, విను, ఏడుపొస్తే ఏడువు. దాంట్లో తప్పు లేదు. కానీ అమ్మ యాడా ఆకలితో తిరగడం లేదు. ఆ భయం పెట్టుకోవద్దు. శ్రాద్ధం, పిండం పెట్టమని 22 ప్రతిజ్ఞల్లో మాటిచ్చినాం. అమ్మ నీకు నేర్పిన మంచి ఉంది చూడు, అది నీ చేతల్లో నడుస్తుంది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే ఏ వస్తువూ దాటిపోదు, అయినా వెలుగు వస్తుంది.

ఇంటికాడ చర్చించుకోండి:
• పోయిన జన్మ అనే మాట మీ ఇంట్లో ఎవరు, ఎప్పుడు అన్నారు? దాంతో ఎవరికి లాభం?
• మీ పెద్దోళ్ళ ఏ మంచి పని మీ చేతుల్లో నడుస్తా ఉంది?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!