తాత చెప్పిన చరిత్ర

ప్రవేశిక

ఓటమి పాలై ఒక పూరింట తలదాచుకున్న రాజు కథ మీరు చిన్న తరగతుల్లో చదివే ఉంటారు. దూలానికి దారం తగిలించబోయి ఆరుసార్లు విఫలమై, ఏడవసారి కృతకృత్యమైన సాలెపురుగును చూసి ఆ రాజు తిరిగి యుద్ధానికి సన్నద్ధుడవుతాడు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో ఆంగ్లేయ సైన్యాన్ని ఓడించిన స్కాట్లండు ప్రభువు. ఈ కథను లోకమంతటా వ్యాపింపజేసిన పుస్తకాన్ని ఒక తాత తన ఆరేళ్ల మనుమని కోసం రాశాడు. ఆ తాత ప్రఖ్యాత నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్. ఆ పుస్తకం పుట్టిన తీరును తెలుపడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

స్కాట్ 1771లో ఎడింబరో నగరంలో జన్మించాడు. ఏడాదిన్నర వయసులో జబ్బు చేసి ఆయన కుడికాలు చచ్చుబడింది. అది పోలియో అని నేటివారి అభిప్రాయం. పల్లెగాలికి స్వస్థత చేకూరుతుందనే ఆశతో తల్లిదండ్రులు బాలుణ్ణి శాండీనో అనే చోట ఉన్న తాతగారి పొలానికి పంపారు. అది స్కాట్లండు, ఇంగ్లండు దేశాల సరిహద్దు సీమ. శతాబ్దాల తరబడి పశువుల దోపిడీలూ వంశకక్షలూ సాగిన నేల. ఇంటికి సమీపంలోనే బండరాళ్ల మీద స్మెయిల్‌హోమ్ అనే పాత కోటబురుజు నిలిచి ఉండేది. చలిమంట పక్కన కూర్చుని నాయనమ్మ ఆ సీమ వీరుల కథలు చెప్పేది. మేనత్త జానెట్ వీరగాథలు చదివి వినిపించేది. అక్షరాలు రాకముందే ఆ బాలునికి ఒక దీర్ఘ వీరగాథ కంఠస్థమైందట. తాను తాత అయిన పిమ్మట స్కాట్ చేసిన పనికి బీజం ఇక్కడే పడింది.

చదువు వచ్చిన తరువాత ఆయనను పట్టగలిగినవారు లేరు. పదమూడేళ్ల వయసులో కెల్సో పట్టణంలోని ఒక తోటలో చెట్టునీడన కూర్చుని, బిషప్ పెర్సీ సంకలనం చేసిన ప్రాచీన గేయాల పుస్తకం చదువుతూ భోజనవేళను మరచిపోయాడు. ఆ ప్రాయంలో ఆకలిని మరపించిన పుస్తకం ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చు.

న్యాయవాద వృత్తిలో ప్రవేశించిన నాటి నుంచి పుస్తకానికి ప్రయాణం తోడైంది. 1792 మొదలుకొని వరుసగా ఏడేళ్లపాటు రాబర్ట్ షార్ట్‌రీడ్ అనే మిత్రునితో కలిసి ఆయన లిడ్డెస్‌డేల్ లోయకు వెళ్లాడు. అప్పటికి అక్కడ చక్రాల బండి నడిచే బాట లేదు, బాటసారులకు సత్రం లేదు. గొర్రెల కాపరుల గుడిసెల్లోనో, మతగురువుల ఇళ్లలోనో రాత్రులు గడుపుతూ, ముసలివారి నోట నిలిచిన గేయాలను సేకరించాడు. అవి 1802-03లో గ్రంథరూపం దాల్చాయి. కవిగా, తదుపరి నవలాకారునిగా ఆయన పొందిన ఖ్యాతికి పునాది ఈ సంచారమే. ట్వీడ్ నదీతీరాన అబట్స్‌ఫర్డ్ అనే భవనం కట్టి, అందులో వేలకొలది గ్రంథాలతో గ్రంథాలయాన్నీ, పాత ఖడ్గాలూ తుపాకులతో ఒక చిన్న వస్తుశాలనూ నెలకొల్పాడు.

1826లో విధి వక్రించింది. ఆయనతో సంబంధమున్న ముద్రణ, ప్రచురణ సంస్థలు దివాలా తీయగా, లక్షా ఇరవై వేల పౌన్ల ఋణం స్కాట్ తలపై పడింది. అదే ఏడు మే నెలలో భార్య మరణించింది. మిత్రులు ధనసాయం చేయబోతే ఆయన అంగీకరించలేదు. తన కలంతోనే అప్పు తీరుస్తానన్నాడు. కుమార్తె సోఫియా పెద్ద కొడుకు జాన్ హ్యూ లాక్‌హార్ట్ పసితనం నుంచి వెన్నెముక వ్యాధితో బాధపడుతున్నాడు. ఆ దౌహిత్రునిపై స్కాట్‌కు ఎనలేని మమకారం.

1827 మే నెలలో, తొమ్మిది సంపుటాల నెపోలియన్ జీవితచరిత్ర ముగింపు దశలో ఉండగా, స్కాట్లండు చరిత్రను ఈ మనుమనికి కథలుగా రాయాలన్న ఆలోచన ఆయనకు కలిగింది. క్రోకర్ అనే రచయిత ఇంగ్లండు చరిత్రను పిల్లల కోసం కథలుగా రాసి ఉన్నాడు. స్కాట్ దాని నుంచి స్ఫూర్తి పొందాడే గాని, అంతటి సరళమైన శైలిని అనుకరించదలచలేదు. మనుమడు పొట్టిగుర్రం మీద వెంట రాగా అబట్స్‌ఫర్డ్ అడవిబాటల్లో తిరుగుతూ కథలు చెప్పి, ఏది అతని మనసుకు పట్టుతున్నదో గమనించేవాడు. బాలుని గ్రహణశక్తికి కొంచెం మించిన భావాన్ని అతని ముందుంచితే నష్టం లేదు, పైగా అది కుతూహలాన్ని రేపుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. నేటికీ పిల్లల పుస్తకాలు రాసేవారు ఎందరో ఈ మాటను పట్టించుకోరు.

సంచారం కథగా మారిన తీరుకు ఒక్క ఉదాహరణ చాలు. అలెగ్జాండర్ రామ్సే అనే వీరుణ్ణి, పదవి విషయంలో అసూయ చెందిన విలియం డగ్లస్ 1342లో బంధించి, లిడ్డెస్‌డేల్‌లోని హెర్మిటేజ్ కోట నేలమాళిగలో ఆకలితో మాడ్చి చంపాడు. పైనున్న ధాన్యపుకొట్టు పగుళ్ల నుంచి రాలిన గింజలతో రామ్సే కొద్దిదినాలు ప్రాణం నిలుపుకున్నాడని చెబుతారు. కథ అక్కడితో ఆగిపోలేదు. నాలుగు శతాబ్దాల అనంతరం ఒక తాపీపనివాడు ఆ శిథిలాలను తవ్వగా పొట్టు, ఎముకలు, గుర్రపు కళ్లెపు ముక్క బయటపడ్డాయనీ, ఆ ముక్కను ఎవరో ఈ తాతకే ఇచ్చారనీ, తాత దానిని రామ్సే వంశీయునికి అప్పగించాడనీ స్కాట్ మనుమనికి చెప్పాడు. తాత చేతిలో పట్టుకున్న ఇనుపముక్క కళ్ల ముందు మెదిలితే, ఏ బాలునికైనా ఆ చరిత్ర పొరుగింటి సంగతిలా దగ్గరవుతుంది.

సాలెపురుగు కథ విషయంలో మాత్రం స్కాట్ జాగ్రత్తపడ్డాడు. అది బ్రూస్ వంశీయుల్లో వాడుకలో ఉన్న ఐతిహ్యమే తప్ప వేరే ఆధారం లేదని బాలునికి స్పష్టంగా తెలియజేశాడు. తన దేశపు వీరుల క్రూరకృత్యాలను కూడా దాచలేదు. చరిత్రకారులు నేడు ఈ గ్రంథాన్ని ప్రమాణంగా స్వీకరించరు. అయినా ఆ నిజాయితీని కాదనలేము.

‘టేల్స్ ఆఫ్ ఎ గ్రాండ్‌ఫాదర్’ అనే ఈ పుస్తకం 1827 డిసెంబరులో మూడు చిన్న సంపుటాలుగా వెలువడింది. మనుమని పేరును సరదాగా తిరగవేసి ‘హ్యూ లిటిల్‌జాన్’ అనే పెద్దమనిషికి అంకితమిచ్చాడు తాత. పుస్తకం విశేషంగా అమ్ముడుపోయింది. ఆ ఆదాయం కూడా ఋణవిమోచనకే వెళ్లింది. అంకితం పొందిన పాఠకుడు మాత్రం మొహమాటపడలేదు. నాగరికతను గూర్చిన అధ్యాయం తనకు బొత్తిగా నచ్చలేదనీ, ఇక ముందు ఆ ప్రస్తావన తేవద్దనీ తల్లి ద్వారా తాతకు కబురంపాడు! యుద్ధాల నడుమ ఉపన్యాసం వినవలసి వస్తే ఏ బాలుడు సహిస్తాడు?

స్కాట్లండు కథలు మరి రెండు విడతలుగా వచ్చాయి. 1830లో పక్షవాతం సోకినా, ఆ ఏడే ఫ్రాన్సు చరిత్రతో నాలుగవ విడత పూర్తిచేశాడు. 1831 అక్టోబరులో ఆరోగ్యం కోసం ఓడలో మధ్యధరా ప్రాంతానికి బయలుదేరాడు. ఆ డిసెంబరు 15న, పదేళ్ల ప్రాయంలో, హ్యూ లిటిల్‌జాన్ కన్నుమూశాడు. ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఉండగా ఆ వార్త తాతకు చేరింది. 1832 సెప్టెంబరులో స్కాట్ అబట్స్‌ఫర్డ్‌లో మరణించాడు. మిగిలిన ఋణం ఆయన మరణానంతరం గ్రంథాల హక్కులతో తీరింది.

అభ్యాసం

1. హెర్మిటేజ్ కోట కథలో కళ్లెపు ముక్క ప్రస్తావన వల్ల కలిగిన ప్రయోజనమేమి?

2. పిల్లల కోసం రాసే శైలిని గురించి స్కాట్ సిద్ధాంతాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు తెలపండి.

3. గ్రంథాలయం, మరణానంతరం: ఈ పదాలను విడదీసి సంధి పేరు రాయండి.

4. మీరు చూసిన ఒక పాత కట్టడాన్ని గురించి పెద్దల వద్ద విన్న కథను, ఆరేళ్ల బాలునికి చెబుతున్నట్లు రాయండి. అందులో ఏది చరిత్రో, ఏది ఐతిహ్యమో సూచించండి.