గుంట తవ్వక ముందే

రాజోలు వైపు ఒక ఊరు. వశిష్ఠ గోదావరికి దగ్గర. ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంటి ముందు పంట కాలవ. వెనక దొడ్లో నుయ్యి, కొబ్బరి చెట్లు. ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే ఉంటారు. కోడలి భర్త మస్కట్‌లో పని చేస్తున్నాడు.

దొడ్లో పాత స్నానాల గది ఉంది. దాన్ని ఆనుకుని మరుగుదొడ్డి. స్నానాల గది గచ్చు పగిలిపోయింది. నీళ్లు బయటికి పోవు, గోడ కిందికి దిగుతాయి. వానాకాలం వస్తే మరుగుదొడ్డి బేసిన్‌లో నీళ్లు పైకి తన్నుకొస్తాయి. శ్రావణ మాసంలో అత్తగారు గచ్చు మీద పాచికి జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ, నెల రోజులు మంచం దిగలేదు.

కోడలు భర్తకు ఫోను చేసింది. "డబ్బు పంపుతాను. మంచి మేస్త్రిని చూసి బాగు చేయించు" అన్నాడాయన.

మంచి మేస్త్రి అని ఎలా తెలుస్తుంది?

కోడలు డ్వాక్రా సంఘంలో అడిగింది. ముగ్గురి పేర్లు చెప్పారు. ముందుగా వాళ్లు కట్టిన గదులు చూసి వచ్చింది. నిన్న మొన్న కట్టినవి కాదు. రెండు మూడు వానాకాలాలు గడిచినవి. కొత్తలో ఏ గది అయినా బాగానే ఉంటుంది. ఆ ఇళ్ల ఆడవాళ్లను అడిగింది. "గచ్చు మీద నీళ్లు నిలుస్తున్నాయా? వాసన వస్తోందా? చెప్పిన డబ్బుకే చేశాడా? తేడా వచ్చి మళ్లీ పిలిస్తే వచ్చాడా?" ఈ నాలుగో ప్రశ్న దగ్గరే ఒక మేస్త్రి పేరు పోయింది. ఇంకొకాయనకి సంక్రాంతి దాకా అమలాపురంలో పని ఉంది. మూడో ఆయన వచ్చాడు.

ఆయన దొడ్డంతా తిరిగి చూశాడు. "ఆయ్, పాత గుంట చిన్నదండి. పన్నెండు అడుగులు తవ్వి సిమెంటు వరలు దించేద్దాం. మీ మనవల కాలానికి కూడా నిండదండి" అన్నాడు. నూతికి ఆరడుగుల దూరంలో గుండ్రంగా గీత గీశాడు.

కోడలు నూతి చేద తాడు తీసుకుంది. నీటిని తాకేదాకా వదిలి కొలిచింది. ఆరడుగులు.

"మేస్త్రిగారూ, నీరు ఆరడుగుల్లోనే ఉంది. వానాకాలంలో ఇంకా పైకొస్తుంది. పన్నెండు అడుగుల గుంట నీళ్లలోనే కదా ఉంటుంది?"

మేస్త్రి మాట్లాడలేదు. ఆమె అడిగింది నిజం. భూమిలో నీరు అంతా ఒకటే. గుంటలో మలం ఆ నీటిలో కలిస్తే నూతిలోకి చేరుతుంది. నీరు తేటగానే కనిపిస్తుంది. వాసన కూడా రాకపోవచ్చు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు అలాంటి నీటి వల్లే వస్తాయి. తాగడానికి కుళాయి నీరు ఉంది కదా అనుకుంటాం. గిన్నెలు కడిగేది, కూరగాయలు కడిగేది నూతి నీటితోనే.

"పోనీ గొట్టం కాలవలోకి వదిలేద్దామండి. ఈ వరసలో నాలుగిళ్లు అలాగే వదిలారు" అన్నాడు మేస్త్రి.

ఆయన చెడ్డవాడు కాదు. అలా చెయ్యమని అడిగేవాళ్లే ఎక్కువ. కానీ ఇది ఏ కాలవ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర కట్టించాడు. ఆ ఆనకట్ట దగ్గర నుంచి వచ్చే కాలవల నీరే కోనసీమలో పొలాలకు పారుతుంది. మంచినీళ్ల చెరువులు నింపేది కూడా ఆ నీటితోనే. మనం వదిలింది కింది ఊరివాళ్లు తాగుతారు. పై ఊరివాళ్లు వదిలింది మనం తాగుతాం.

కోడలు ఒప్పుకోలేదు. "రెండు రోజులు ఆగండి" అంది.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకి వెళ్లింది. స్వచ్ఛ భారత్ పథకం 2014 అక్టోబరు 2న మొదలయింది. మరుగుదొడ్డి లేని అర్హులైన ఇళ్లకు ఆ పథకంలో 12,000 రూపాయలు ఇచ్చారు. ఈ ఇంటికి మరుగుదొడ్డి ఉంది కాబట్టి డబ్బు రాదన్నారు. కానీ గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుని కలవమన్నారు. సలహాకు ఆయన పైసా అడగలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

ఒక లోతు గుంట వద్దు. లోతు లేని గుంటలు రెండు కావాలి. రెంటి మధ్య మూడడుగులు ఉండాలి. ఒకటి వాడుతుంటే రెండోది మూసి ఉంటుంది. ఐదారుగురున్న ఇంట్లో ఒక గుంట మూడేళ్లు వస్తుంది. అది నిండాక రెండోదానికి మార్చాలి. నిండినది రెండేళ్లు కదపకుండా ఉంచితే ఎరువవుతుంది. మన నేలలో నీరు పైనే ఉంటుంది గనక గుంట అడుగు కాంక్రీటుతో మూసెయ్యాలి. చుట్టూ అడుగున్నర మందం ఇసుక పొయ్యాలి. నూతికి 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగుల దూరం ఉండాలి. స్నానం నీళ్లు ఈ గుంటల్లోకి పోకూడదు. కొబ్బరి పాదుకు మళ్లించాలి.

"వరద నీరు ఎంత ఎత్తు వస్తుందో, గుంట పైభాగం అంతకన్నా అడుగు ఎత్తు ఉండాలి. మీ ఇంటి దగ్గర ఎంత వచ్చిందో పెద్దవాళ్లను అడగండి" అన్నాడు.

అత్తగారు మంచం మీద నుంచే చెప్పారు. "ఎనభై ఆరు వరదకి అరుగు రెండో మెట్టు మునిగిందమ్మాయ్. 2022లో మొదటి మెట్టే తడిసింది." ఆ లెక్క ఇంజనీరు దగ్గర లేదు.

అసలు చిక్కు టేపు పెట్టి కొలిచినప్పుడు వచ్చింది. మన నూతికి దూరం జరిపితే పక్కింటి నూతికి దగ్గరవుతోంది. రెండు నూతులకీ 33 అడుగులు ఉన్న చోట కాపు మీదున్న కొబ్బరి చెట్టు ఉంది. మామగారు వేసిన చెట్టు. కోడలు ఏమీ అనలేకపోయింది. అత్తగారే ఒక పూటంతా ఆలోచించి, "కొట్టించు" అన్నారు.

పని మొదలైంది. పాత గుంట మూత తీశారు. మేస్త్రి దగ్గర కుర్రాడు లోపలికి దిగబోయాడు. "దిగకు బాబూ!" అని కోడలు కేకేసింది. మూసి ఉన్న గుంటలో విషవాయువు ఉంటుంది. దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. తియ్యబోయినవాడూ పడిపోతాడు. అక్కడ దీపం, అగ్గిపుల్ల కూడా వెలిగించకూడదు. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ట్యాంకరు తెప్పించి పాత గుంట తోడించారు. తర్వాత ఇసుకతో పూడ్చారు.

డబ్బు సంగతి కోడలు ముందే కాగితం మీద రాసింది. తన చేత్తోనే రాసింది. ఇలా రాసింది:

"స్నానాల గది, మరుగుదొడ్డి, రెండు గుంటలు. సామాను మాది. కూలి మేస్త్రిగారిది. గచ్చుకు గరుకు టైల్స్. గోడకు పట్టుకునే కడ్డీ. కూలి డబ్బు మూడు వంతులు. పని మొదలెట్టిన రోజు ఒక వంతు. గోడలు లేచాక ఒక వంతు. నీళ్లు పోసి చూశాక ఒక వంతు."

ఇద్దరూ సంతకాలు పెట్టారు.

పని అయ్యాక గచ్చు మీద రెండు బకెట్లు కుమ్మరించింది. ఒక మూల అరచెయ్యంత నీరు నిలిచింది.

"ఆ మాత్రం ఆరిపోద్దండి" అన్నాడు మేస్త్రి.

"అత్తయ్యగారు జారింది ఆ మాత్రం తడికేనండి."

మేస్త్రి నవ్వాడు. మర్నాడు ఆ మూల నాలుగు టైల్స్ ఊడదీసి, వాటం సరిచేసి మళ్లీ పరిచాడు. మళ్లీ నీళ్లు పోశారు. ఈసారి చుక్క నిలవలేదు. కోడలు మూడో వంతు లెక్కపెట్టి ఇచ్చింది. మేస్త్రి కాగితం కింద "ముట్టింది" అని రాసి, తేదీ వేశాడు.