ఇసుకలో తప్పులు వెతికే పని

హైదరాబాద్ కొత్తగూడ కూడలిలో సాయంత్రం బండ్లు అంగుళం అంగుళం కదిలే వేళ, పక్క సందులోని పీజీ హాస్టల్లో ఒక కుర్రాడు జైసల్మేర్ మీద రెండు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నాడనుకుందాం. మంచం మీద ల్యాప్‌టాప్, ఒళ్లో సెకండ్‌హ్యాండ్ జాయ్‌స్టిక్, తెర మీద కనుచూపు మేర ఇసుక. రూమ్మేట్ దృష్టిలో అది కాలక్షేపం. ఇంటర్వ్యూలు పెట్టుకుని ఈ ఆటలేంటని ఊళ్లో నాన్న కూడా విసుక్కుంటాడు. కానీ ఆ కుర్రాడు పక్కన నోట్‌బుక్ తెరిచి ‘కోట కింద గుట్ట లేదు, నేల పళ్లెంలా ఉంది’ అని రాసుకుంటున్నాడంటే సంగతి వేరు. అతను చేస్తున్నది నాణ్యత పరీక్ష. ఆ పని వచ్చినవాళ్లకు జీతమిచ్చే సంస్థలు అదే హాస్టల్‌కు షేర్ ఆటో దూరంలో ఉన్నాయి.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ‘ఫ్లైట్ సిమ్యులేటర్ సమీక్షకుడు కావలెను’ అన్న ప్రకటన ఏ పేపర్లోనూ రాదు. సమీక్షలు రాసి ఇల్లు గడుపుకొనేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కూడా బహు తక్కువ. ఇక్కడ చెబుతున్నది ఆ హాబీ వెనకున్న నైపుణ్యం గురించి: తెర మీది నేలను నిజం నేలతో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో కాగితం మీద పెట్టగలగడం గురించి.

1982లో మైక్రోసాఫ్ట్ తన తొలి ఫ్లైట్ సిమ్యులేటర్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు నేలంటే కొన్ని గీతలు, కొన్ని రంగు ముక్కలు. 2020 ఆగస్టు 18న వచ్చిన కూర్పులో భూగోళం మొత్తం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన అసోబో స్టూడియో దాన్ని తయారుచేసింది. నేల చిత్రాలు బింగ్ మ్యాప్స్ నుంచి వచ్చాయి. ఇళ్లను ఆస్ట్రియాలోని బ్లాక్‌షార్క్ సంస్థ కృత్రిమ మేధతో నిలబెట్టింది. ఇంత పెద్ద లోకాన్ని మనుషులు చేత్తో కట్టలేరు కాబట్టి యంత్రాలు కట్టాయి, యంత్రాల తప్పులూ వెంట వచ్చాయి. ఆట విడుదలైన కొద్ది రోజులకే మెల్‌బోర్న్ శివారులోని ఫాక్నర్‌లో మామూలు ఇళ్ల మధ్య 212 అంతస్తుల సన్నని స్తంభం లాంటి భవనం బయటపడి ఆటగాళ్లంతా నవ్వుకున్నారు. కారణం చిన్నది. ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంలో ఎవరో 2 అంతస్తులని కొట్టబోయి 212 అని కొట్టారు. ఆ అంకెను మరో మనిషి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

ఇలాంటి లోపాలు సరిచేసి, ఒక ఊరినో విమానాశ్రయాన్నో ప్రాంతాన్నో మెరుగ్గా చూపించే అదనపు ప్యాకేజీలనే సీనరీ యాడ్‌ఆన్‌లంటారు. ఆస్ట్రేలియాకు చెందిన ఆర్బిక్స్, జర్మనీకి చెందిన ఏరోసాఫ్ట్ ఈ వ్యాపారంలో పాత పేర్లు. డబ్బు పెట్టి కొనేవాడు ముందుగా చదివేది సమీక్షే.

వీటిలో ఎడారి సీనరీకి ఎదురయ్యే పరీక్షే అన్నిటికన్నా కఠినం. హైదరాబాద్ లాంటి నగరంలో వెయ్యి భవనాల్లో పది తప్పుగా ఉన్నా కంటికి ఆనవు. ఎడారిలో కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. నేల ఎత్తు, ఇసుక రంగు, అక్కడక్కడా చెట్లు, అంతే. ఈ మూడింటిలో ఏది తప్పినా అక్కడే బయటపడుతుంది.

ఎత్తు సంగతే చూద్దాం. సిమ్యులేటర్ల నేలకు పునాది వేసిన డేటాలో ముఖ్యమైనది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో చేసిన కొలత. దాన్ని ఎస్‌ఆర్‌టీఎం అంటారు. రాడార్ కిరణం నేలను తాకి వెనక్కి రావాలి. నున్నటి పొడి ఇసుక మీద పడితే తగినంత వెనక్కి రాదు. అందుకే సహారా, అరేబియా ఎడారుల్లో ఆ పటానికి చిల్లులు పడ్డాయి. తర్వాత వేరే డేటా తెచ్చి ఆ చిల్లులకు మాట్లు వేశారు. మాటు సరిగ్గా అతకని చోట సిమ్యులేటర్‌లో ఇసుక నేల మీద లేని గుంట, లేని అంచు కనిపిస్తాయి.

మరి రాడార్ బదులు కెమెరాతో తీస్తే? 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం చేసింది అదే. రెండు కెమెరాలతో రెండు కోణాల్లో, 2.5 మీటర్ల స్పష్టతతో నేలను చూసింది. ఆ చిత్రాల జంటల నుంచి పుట్టినదే కార్టోడెమ్ ఎత్తుల పటం. బాలానగర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తన భువన్ పోర్టల్ ద్వారా దాన్ని ఉచితంగా అందిస్తోంది. ఈ పద్ధతికీ ఇసుకంటే చిక్కే. రెండు చిత్రాలను జతచేయడానికి కంప్యూటర్‌కు ఏదో ఒక గుర్తు కావాలి, రాయో తుప్పో బాటో. ఏ గుర్తూ లేని ఇసుకలో దానికి పట్టు దొరకదు. పైగా ఈ ఉచిత డేటాలో ముప్పై మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఉంటుంది. ఇరవై మీటర్ల ఇసుక దిబ్బకు ఉండే కొనదేలిన అంచు ఆ జల్లెడలో నిలవదు, పప్పుగుత్తితో మెదిపినట్టు గుండ్రంగా తేలుతుంది. సమీక్ష రాసేవాడు ‘దిబ్బలు సహజంగా లేవు’ అని ఊరుకుంటే అది అభిప్రాయం. ‘ముప్పై మీటర్ల డేటా వాడినట్టున్నారు, అందుకే అంచులు కరిగిపోయాయి’ అంటే తయారీదారుకు పనికొచ్చే మాట.

మళ్లీ జైసల్మేర్‌కు వద్దాం. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట త్రికూట గుట్ట మీద ఉంది. ఆ గుట్ట చుట్టుపక్కల నేలకన్నా సుమారు 76 మీటర్లు ఎత్తు. తక్కువ ఎత్తున ఎగురుతూ కోట మీదికి వస్తున్నప్పుడు ఆ ఎత్తు కంటికి తెలియాలి. తెలియకపోతే మొదటి లోపం దొరికినట్టే. తర్వాత దిబ్బల ఆకారం. అక్కడి థార్ ఎడారిలో ఎక్కువగా కనిపించేవి జడపిన్ను ఆకారపు దిబ్బలు. గాలి నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి పిన్ను వంపు ఈశాన్యం వైపు, రెండు కాళ్లూ నైరుతి వైపు ఉంటాయి. సీనరీలో ఎటు చూసినా నెలవంక దిబ్బలే కనిపిస్తే అవి మరో ఎడారి నుంచి అరువు తెచ్చినవని అనుమానించవచ్చు.

చెట్ల దగ్గర తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ. ఆ పేరు వినగానే ఏదో ఎడారి చెట్టనిపిస్తుంది గాని, అది మన జమ్మి చెట్టే. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. దసరా నాడు ఆకు తెంపుకొచ్చి పెద్దల చేతిలో పెట్టినవాడికి ఆ కొమ్మల తీరు, ఆ పల్చటి నీడ వేరే చెప్పనక్కర్లేదు. ఎడారి అనగానే ఖర్జూర చెట్లు గుప్పించిన సీనరీని చూసిన వెంటనే అతను పట్టుకోగలడు. బయటి దేశపు సమీక్షకుడు అదే చెట్లను చూసి ఫొటో తీసుకుని మురిసిపోవచ్చు.

ఇక ఉపగ్రహ చిత్రం వయసు. ఇందిరా గాంధీ కాలువ పంజాబ్‌లోని హరికే దగ్గర మొదలై జైసల్మేర్ జిల్లా దాకా వస్తుంది, దాని వెంట ఇసుక మధ్య పచ్చటి పట్టీ కనపడాలి. అదే ఎడారిలోని భడ్లా సౌర విద్యుత్ పార్కు 2,245 మెగావాట్లది, సుమారు 14,000 ఎకరాల్లో పరుచుకుంది. అంత పెద్ద నల్లటి గళ్లచీర కనిపించకపోతే ఉపగ్రహ చిత్రం పాతదన్నమాట. వానలు పడ్డాక థార్‌లో గడ్డి మొలుస్తుంది. సెప్టెంబరులో తీసిన చిత్రాన్ని మే నెల చిత్రం పక్కన అతికిస్తే గీత గీసినట్టు సగం పచ్చగా, సగం గోధుమ రంగులో ఉంటుంది. నీడలు కూడా చూడాలి. ఉపగ్రహం ఫొటో తీసిన పూట పడిన నీడ చిత్రంలోనే ఉండిపోతుంది. సిమ్యులేటర్ సూర్యుడు మరో నీడ వేస్తాడు. ఒకే దిబ్బకు రెండు నీడలు పడ్డాయంటే ఆ చిత్రాన్ని శుభ్రం చేయలేదని అర్థం.

మరో పక్క కంప్యూటర్ మోసే బరువు. నేల చిత్రాలను జూమ్ స్థాయిల్లో చెబుతారు. భూమధ్యరేఖ దగ్గర 16వ స్థాయిలో ఒక చుక్క దాదాపు 2.4 మీటర్లు, 17లో 1.2, 18లో 0.6. మెట్టు ఎక్కిన ప్రతిసారీ డేటా నాలుగింతలవుతుంది. ఖాళీ ఇసుకను 18వ స్థాయిలో ఇచ్చి హార్డ్‌డిస్క్ నింపేసిన సీనరీని గొప్పదనడం కన్నా తెలివితక్కువదనడమే న్యాయం.

ఈ చూపు ఎవరికి కావాలి? 2016 మే 19న యాపిల్ అధినేత టిమ్ కుక్ హైదరాబాద్ వచ్చి నానక్‌రామ్‌గూడలో మ్యాప్స్ అభివృద్ధి కేంద్రాన్ని ప్రారంభించారు. 4,000 దాకా ఉద్యోగాలు వస్తాయని సంస్థ అప్పుడు ప్రకటించింది. గూగుల్ కార్యాలయం కొత్తగూడ పక్కనే కొండాపూర్‌లో ఉంది. మాదాపూర్‌లోని సైయెంట్‌ను 1991లో బీవీఆర్ మోహన్ రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మొదలుపెట్టారు. కాగితం పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం దాని తొలినాటి పనుల్లో ఒకటి. సైన్యానికి, పోలీసులకు శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేసే జెన్ టెక్నాలజీస్ కూడా ఈ నగరానిదే. పైలట్లకు శిక్షణ ఇచ్చే అసలు సిమ్యులేటర్లలోనూ కిటికీ బయటి నేలను ఎవరో ఒకరు కట్టాల్సిందే. జీఐఎస్ అనలిస్ట్, మ్యాప్ క్వాలిటీ, టెరైన్ మోడలర్, గేమ్ టెస్టర్, ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్ అని ఉద్యోగాల పేర్లు వేరువేరుగా ఉంటాయి. అన్నిటికీ పునాది ఈ చూపే. మొదటి జీతం మాత్రం కోడింగ్ ఉద్యోగాలతో పోటీపడుతుందని ఆశించకూడదు. కాంట్రాక్టు మీద తీసుకునే కొలువులు ఈ రంగంలో చాలా ఉన్నాయి, చేరేముందు కాగితాలు చదువుకోవాలి.

చదువు వైపు దారులు మన ఊళ్లోనే ఉన్నాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ప్రయోగశాల, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియో ఇంజినీరింగ్ విభాగం ఉంది. డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఐఐఆర్‌ఎస్) ఇంటి నుంచే చదివేలా ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. సివిల్ డిప్లొమా చేసినవాళ్లు, భూగోళశాస్త్రం చదివిన డిగ్రీ పిల్లలు తమది వెనకబడిన కోర్సని దిగులుపడుతుంటారు గాని, ఎత్తుల గీతల పటం చదవడం ముందే వచ్చినవాళ్లు వాళ్లే. వేలకు వేలు ఫీజు కట్టించుకుని ‘వందశాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డుల జోలికి పోనక్కర్లేదు. సాధనకు కావలసిన సాఫ్ట్‌వేర్లు క్యూజీఐఎస్, బ్లెండర్, ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్, ఈ మూడూ ఉచితమే.

రెండు హెచ్చరికలు తప్పవు. బింగ్, గూగుల్ చిత్రాలను తీసుకుని సీనరీగా అమ్మడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఉచితంగా వాడుకోదగిన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి, సాధనకు అవి చాలు. ఇంటర్వ్యూలో ‘ఈ డేటా ఎక్కడిది?’ అని అడిగితే నీళ్లు నమలకూడదు. రెండోది, జైసల్మేర్, జోధ్‌పూర్ విమానాశ్రయాలు వైమానిక దళ స్థావరాలు. వాటి లోపలి వివరాలను నమూనా పనికి ఎంచుకోవద్దు. కేంద్రం 2021 ఫిబ్రవరి 15న ఇచ్చిన మార్గదర్శకాలు మ్యాపింగ్‌కు తలుపులు బాగానే తెరిచాయి, కానీ భద్రతకు సంబంధించిన సున్నితమైన వివరాల మీద ఆంక్షలు అలాగే ఉంచాయి.

బయోడేటాలో ‘ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే ఆసక్తి’ అన్న ముక్క ఎవరినీ కదిలించదు. దానికి బదులు నాలుగు పేజీల సమీక్ష ఒకటి జతచేస్తే చదివేవాడు ఆగుతాడు. ఏ కూర్పు, ఏ కంప్యూటర్, ఎంత ఎత్తు, ఏ సమయం అన్నవి మొదట ఉండాలి. తర్వాత తప్పు కనిపించిన చోటు అక్షాంశ రేఖాంశాలు, సిమ్యులేటర్ చిత్రం, పక్కనే ఉపగ్రహ చిత్రం. ఆ తప్పు ఎలా వచ్చి ఉంటుందో ఒక్క వాక్యం. బాగున్నదాన్ని బాగుందని కూడా రాయాలి. లోపాలే ఏరి పెట్టేవాడితో కలిసి పనిచేయడం ఎవరికైనా కష్టమే.

థార్ దాకా వెళ్లేముందు ఇంటి దగ్గర చేయి తిప్పుకోవడం మేలు. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న ప్రారంభమైంది. దాని పక్కనే బొటానికల్ గార్డెన్‌లో చెట్ల మధ్య దక్కన్ రాతి గుండ్లున్నాయి. ఈ ఆదివారం బేగంపేట విమానాశ్రయం నుంచి లేచి పడమర వైపు వచ్చి, మీ సిమ్యులేటర్‌లో ఆ ఫ్లైఓవర్ ఉందో లేదో, ఆ గుండ్లు గుండ్లలాగే ఉన్నాయో లేక అపార్ట్‌మెంట్లయ్యాయో చూడండి. తర్వాత మెట్లు దిగి అక్కడిదాకా నడిచి వెళ్లి సరిచూసుకుని, మొదటి సమీక్ష దాని మీదే రాయండి.