వైద్య విద్యకు దాతల చేయూత

బోదకాలు నివారణకై ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రను మన జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎరుగని కుటుంబం అరుదు. దాని వెనుక ఒక దాత సొమ్ము కూడ ఉన్నదన్న సంగతి కొద్దిమందికే తెలియును.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివెను. ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. 1922లో ఆయన అమెరికా చేరుటకు ఆధారమైనవి రెండు: మామగారు సమకూర్చిన ధనము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము. అదియు చాలక, అక్కడ రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న పనులు చేయుచు చదివెను. తరువాతి కాలంలో ఆయన నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లము తయారైనది. బోదకాలుకు మందు కూడ అక్కడనే వెలువడినది. 1948లో ఆయన మరణించెను.

ఇక ఆ దాత సంగతి. సత్యలింగ నాయకర్ పేదగా రంగూన్ వెళ్ళి, వ్యాపారమున ధనమార్జించి, దానిని ధర్మకార్యాలకు వ్రాసి యిచ్చిన వ్యక్తి. నాడు కోస్తావారికి రంగూన్ ఎట్టిదో, నేడు మన ప్రాంతంవారికి గల్ఫ్ అట్టిది. కనుక ఈ కథ మనకు పరాయిది కాదని మేము భావిస్తున్నాము.

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. సీటు దగ్గరకు వచ్చినది. అయితే ఖర్చు దూరమైనదా? ప్రభుత్వ కళాశాలలో ఫీజు తక్కువే. కాని సీటు ఏ ఊరిలో దొరకునో చెప్పలేము. వసతి, భోజనము, పుస్తకములు, పరీక్షల రుసుము, అంతకుముందే ‘నీట్’ శిక్షణకు ఒకటి రెండేండ్ల వ్యయము—ఇవన్నీ బీడీలు చుట్టే తల్లికి, మరమగ్గం నడిపే తండ్రికి మోయరాని బరువు. చదువు నాలుగున్నర ఏండ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడు సభ పెట్టి, శాలువ కప్పి, చెక్కు ఇచ్చి, మూడవ ఏట మరచిన సహాయము విద్యార్థిని నడివాగులో దించివేసినట్లగును. (శాలువ ఖర్చుతో ఒక శరీరశాస్త్ర గ్రంథము కొనవచ్చునని మాలో ఒకరి చమత్కారము.)

మా వంటి మైనారిటీ కళాశాలలో ఈ విషయమై మరొక చిక్కు గలదు. మనవద్ద దానధర్మములకు అసలు ఋతువు రమజాన్. అది చాంద్రమానము ననుసరించి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగును. 2022లో ఏప్రిల్‌లో మొదలైనది, 2025లో మార్చిలో వచ్చినది. వైద్య ప్రవేశములు మాత్రము సాధారణంగా వర్షాకాలంలోనో, ఆ తరువాతనో జరుగును. డబ్బు ఒక కాలమున వచ్చును, అవసరము మరొక కాలమున పడును. నడుమ అప్పు పుట్టును.

మరియు జకాత్ సొమ్ము అర్హుని స్వాధీనము కావలెనని హనఫీ ధర్మవేత్తల అభిప్రాయము. కనుక దానిని కట్టడాలకు మళ్ళించుటకంటె పేద విద్యార్థి చేతికే యిచ్చుట మేలు. విద్యార్థికి తన ఖర్చు తానే లెక్క వ్రాసుకొను గౌరవము కూడ దక్కును. అయితే జకాత్ ముస్లిములకే చెందునని అధిక సంఖ్యాకులైన పండితుల మాట. సిరిసిల్ల నేతన్న బిడ్డ అదే ప్రతిభతో, అదే పేదరికంతో మన గుమ్మం ఎక్కిన ఏమి చేయవలెను? సదఖా విరాళములకు ఆ అడ్డు లేదు. అందుచేత రెండు ఖాతాలు వేరువేరుగా నడుపవలెనని మా సూచన.

గల్ఫ్‌లోని మన ఊరివారు పదిమంది కలిసి ఒక్క విద్యార్థి బాధ్యతను అయిదున్నర ఏండ్లకు స్వీకరించినచో, ఒకరి ఉద్యోగము పోయినను తక్కిన తొమ్మిదిమంది నిలబడగలరు. వందమందికి తలా కొంచెము పంచుటకంటె ఇదియే మాకు సమ్మతము. రమజాన్‌లో అందిన జకాత్‌ను ప్రవేశముల నాటివరకు నిలువ ఉంచవచ్చునా అన్నది మాత్రం ఉలమాలను అడిగి తేల్చుకొనవలసిన ప్రశ్న. వచ్చే రమజాన్‌కు ముందే అడుగుట మంచిది.